స్టెరాయిడ్ చీటీలోని పనితనం

స్టెరాయిడ్ మాత్రలు వాడితే ఒళ్ళొస్తుందని ఊళ్ళో ప్రతివాళ్ళకీ తెలుసు. రాకుండా చూడటం కూడా ఒక పని అనీ, దాన్ని శ్రద్ధగా చేసేవాళ్ళు ఉన్నారనీ చాలామందికి తెలియదు. నోరు కట్టుకోలేదు కాబట్టే లావెక్కిందని ఇంట్లోవాళ్ళు నింద వేస్తారు. మందు గుణమే అంత, ఏం చేస్తామని కొందరు డాక్టర్లు చేతులెత్తేస్తారు. ఈ రెండు మాటలూ అనకుండా పని చేసిన ఇద్దరి గురించి ఇక్కడ రాస్తున్నాను. ఒకరు రుమటాలజిస్టు, ఇంకొకరు డైటీషియన్. మా పిన్నికి లూపస్ అనే జబ్బు ఉందని తేలినప్పుడు వాళ్ళు రాసిచ్చిన రెండు కాగితాల నకళ్ళు నా దగ్గరున్నాయి. ఒకదాంట్లో మందుల వరస, రెండోదాంట్లో తిండి వరస. చదివినకొద్దీ వాటి మీద గౌరవం పెరిగింది.

ముందు వాళ్ళు ఎదుర్కొన్న సమస్య ఎంతటిదో చెప్పాలి. 1948 సెప్టెంబరు 21న అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక యువతికి మొదటిసారి కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చింది. రోజుకి 100 మి.గ్రా. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కీ, ఆయన సహచరుడు కెండల్‌కీ, స్విట్జర్లాండులో అదే దారిలో పనిచేసిన రైక్‌స్టైన్‌కీ నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఆ మందు వాడినవాళ్ళ ముఖాలు గుండ్రమవడం, పొట్ట పెరగడం, కాళ్ళు సన్నబడటం త్వరలోనే కనిపించాయి. ఇన్నేళ్ళయినా ఆ చిక్కు పూర్తిగా తీరలేదు. చాలాకాలం స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళని అడిగి 2006లో అమెరికాలో ప్రచురించిన ఒక సర్వేలో, తమకు కలిగిన ఇబ్బందుల్లో బరువు పెరగడాన్ని చెప్పినవాళ్ళే అందరికన్నా ఎక్కువ. నూటికి డెబ్బైమంది.

ఈ బరువు ఎక్కడినుంచి వస్తుంది? ఒంట్లో అరుగుదల మందగించి వస్తుందని మనవాళ్ళ నమ్మకం. దీన్ని పరీక్షించిన ఒక అధ్యయనం 1996లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఇరవైమంది మగవాళ్ళని తీసుకుని సగంమందికి నాలుగు రోజులపాటు రోజుకి 40 మి.గ్రా. మిథైల్‌ప్రెడ్నిసొలోన్, మిగతా సగంమందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ప్రత్యేకమైన గదిలో ఉంచి, వాళ్ళు పీల్చి వదిలే గాలినిబట్టి శరీరం ఎన్ని కేలరీలు ఖర్చు చేస్తోందో కొలిచారు. తర్వాత తిండిపదార్థాలు నింపిన యంత్రాల ముందు వదిలి, కావలసింది కావలసినంత తినమన్నారు. ఏది ఎంత తీసుకున్నారో యంత్రమే లెక్క రాసింది. ఖర్చులో చెప్పుకోదగ్గ తగ్గుదల లేదు. మందు తీసుకున్నవాళ్ళ తిండి మాత్రం రోజుకి దాదాపు వెయ్యి కేలరీలు పెరిగింది. ఒక కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. ఆ ఆకలి అదే మోతాదులో సాగితే వారం దాటగానే ఒక కిలో జమ అవుతుందన్నమాట.

ఈ ఆకలి మెదడులో హైపోథాలమస్ దగ్గర పుడుతుంది. స్టెరాయిడ్ అక్కడి సంకేతాలనే మారుస్తుంది కాబట్టి ఆ మనిషికి నిజంగానే ఆకలేస్తుంది, కడుపు నిండిన గంటకే మళ్ళీ వేస్తుంది. అలాంటి మనిషిని తిండిపోతు అనడం అన్యాయం. దీనికి మరో మూడు తోడవుతాయి. మూత్రపిండాలు ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. కొవ్వు చేతులనీ కాళ్ళనీ వదిలి పొట్టకీ ముఖానికీ మెడ వెనక్కీ చేరుతుంది. తొడల కండ కరుగుతుంది. త్రాసు మీద కనిపించే అంకె ఈ నాలుగూ కలిసినది. మంచి పనివాడు వాటిని విడదీసి చూస్తాడు. దేనికి తగ్గ మందు దానికి వేస్తాడు.

ఇప్పుడు డాక్టరు గారి కాగితం. ప్రెడ్నిసొలోన్ 30 మి.గ్రా.తో మొదలవుతుంది. పక్కన "రెండు వారాలు" అని రాసి ఊరుకోలేదు. ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అన్నది గళ్ళు గీసి రాశారు. 30 తర్వాత 25, 20, 15, అక్కడినుంచి రెండున్నర చొప్పున దిగి, చివర్లో ఒక్కొక్క మిల్లీగ్రామే తగ్గుతుంది. పైమెట్ల మీద వేగం, కిందిమెట్ల మీద నెమ్మది. ఇందులో గొప్ప ఆలోచనుంది. ఆకలి, నీరు, కొవ్వు మోతాదునిబట్టి పెరుగుతాయి కాబట్టి పెద్ద మోతాదు మీద ఉండే ఒక్కో వారమూ ఖరీదైనదే. కిందికి వచ్చాక సంగతి వేరు. నెలల తరబడి బయటినుంచి స్టెరాయిడ్ అందుతుంటే మన అడ్రినల్ గ్రంథులు తమ పని మానేసి ఉంటాయి. మళ్ళీ మొదలుపెట్టడానికి వాటికి వ్యవధి కావాలి. మాత్ర ఒక్కసారిగా మానితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆయన కాగితం అడుగున ఎర్ర సిరాతో ఒకే వాక్యం రాశారు: "మీ అంతట మీరు ఆపవద్దు."

మోతాదు దించాలంటే ఇంకేదో దాని బరువు మోయాలి. ఆ చీటీలో హైడ్రాక్సీక్లోరోక్విన్ ఉంది. వారానికి ఒక్కసారే వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ ఉంది. అది ఏ రోజో ఆ రోజు పేరు, "రోజూ కాదు" అన్న హెచ్చరిక పెద్దక్షరాల్లో ఉన్నాయి. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రమాదకరం కాబట్టి ఆ పెద్దక్షరాలు కూడా పనితనంలో భాగమే. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ మెథోట్రెక్సేట్ అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో జరిగిన ఫోలిక్ ఆసిడ్ పరిశోధనలోంచి వచ్చింది. అప్పుడది పిల్లల రక్తకాన్సర్‌కి మందు. ఆయన 1948 ఆగస్టులో కన్నుమూశారు. హెంచ్ మొదటి ఇంజెక్షన్ ఇచ్చింది ఆ తర్వాత నెలలోనే. స్టెరాయిడ్ మోతాదు తగ్గించడానికి లోకమంతా చేయి చాచే మందుల్లో తన పరిశోధన ఫలం ఒకటవుతుందని ఆయనకి తెలిసే అవకాశమే లేకపోయింది.

తక్కువ స్టెరాయిడ్‌తో పని జరుగుతుందా అన్న భయం డాక్టర్లకీ ఉండేది. ఆ భయాన్ని తీర్చిన ప్రయోగాల్లో పెక్సివాస్ ఒకటి. రక్తనాళాల వాపుతో ఊపిరితిత్తులో, మూత్రపిండాలో దెబ్బతిన్న 704 మందితో చేసిన ఈ ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. ఒక వర్గానికి మామూలు మోతాదు, ఇంకో వర్గానికి మొదటి ఆరు నెలల్లో అందులో అరవై శాతం లోపే. మరణాల్లో, మూత్రపిండాలు పూర్తిగా పాడవడంలో తక్కువ మోతాదువాళ్ళు వెనకబడలేదు. మొదటి ఏడాది తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వాళ్ళలోనే తక్కువ. లూపస్‌కి యూరప్ రుమటాలజిస్టుల సంఘం 2023లో ఇచ్చిన సూచనల్లో, నిలకడగా వాడే మోతాదు రోజుకి 5 మి.గ్రా. దాటకూడదనీ, వీలైతే పూర్తిగా మాన్పించాలనీ ఉంది. పిన్ని చీటీలో చివరి గడి కూడా 5 దగ్గరే ఆగింది.

మన దేశంలోనూ ఈ దారిలో ముందే ఆలోచించినవారున్నారు. ఒంటినిండా బొబ్బలొచ్చే పెంఫిగస్ జబ్బుకి ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రీచా 1980ల మొదట్లో ఒక పద్ధతి తెచ్చారు. రోజూ మాత్రలు మింగించే బదులు వరసగా మూడు రోజులు 100 మి.గ్రా. చొప్పున డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ని నరంలోకి ఎక్కించి, మళ్ళీ 28 రోజులకి ఎక్కించేవారు. తోడుగా సైక్లోఫాస్ఫమైడ్. నడిమి రోజుల్లో ఒంటికి స్టెరాయిడ్ లేని విరామం దొరుకుతుంది కాబట్టి ముఖం ఉబ్బడం, ఒళ్ళు రావడం తగ్గాయని ఆ పద్ధతి వాడినవాళ్ళు రాశారు. సైక్లోఫాస్ఫమైడ్ వల్ల వచ్చే కష్టాలు తక్కువేం కావు, ఇప్పుడు రిటుక్సిమాబ్ దాని చోటు తీసుకుంటోంది. అయినా మందు ఇచ్చే లయను మార్చి హాని తగ్గించవచ్చన్న ఆ చూపు విలువైనది. మూత్రపిండాల జబ్బైన పిల్లల నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో మొదటి ఆరు వారాలు రోజూ ఇచ్చి, తర్వాతి ఆరు వారాలు రోజు మార్చి రోజు ఇవ్వడం వెనకా ఇలాంటి ఆలోచనే ఉంది.

పిన్ని చీటీలో ఇంకో చిన్న ముక్క: "మొత్తం మాత్రలు పొద్దున్న టిఫిన్ తర్వాత ఒకేసారి." మన శరీరం తయారుచేసుకునే స్టెరాయిడ్ కార్టిసాల్ సహజంగా పొద్దున్నే ఎక్కువగా ఉంటుంది. మాత్ర ఆ వేళకే పడితే అడ్రినల్ గ్రంథుల మీద దెబ్బ కాస్త తగ్గుతుంది, రాత్రి నిద్ర చెడదు. నిద్ర పట్టని స్టెరాయిడ్ రోగి రాత్రి పన్నెండింటికి ఏం చేస్తాడో ఆ ఇంటి ఫ్రిజ్‌ని అడిగితే తెలుస్తుంది.

ఇక డైటీషియన్ గారి కాగితం. నన్ను ఎక్కువసేపు నిలిపింది ఇదే. చాలా ఆస్పత్రుల్లో అచ్చేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టి పంపిస్తారు. అందులో ఓట్స్, బ్రౌన్ బ్రెడ్, ఆలివ్ నూనె ఉంటాయి. ఆ కాగితం ఇంటికొచ్చి కాలెండర్ వెనక్కి పోతుంది. ఈవిడ చేత్తో రాశారు. రాసేముందు అడిగారు. అడిగిన తీరులోనే ఆవిడ నేర్పు ఉంది. "ఉప్పు ఎక్కువ తింటారా?" అంటే ఎవరైనా లేదనే చెప్తారు. ఆవిడ అడిగింది వేరు. "అమ్మా, మీ ఇంట్లో ఎంతమంది? కిలో ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్ళొస్తుంది?" నలుగురం, నెల కూడా రాదంది పిన్ని. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు మనిషికి రోజుకి 5 గ్రాముల లోపు. ఆ లెక్కన నలుగురికి కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. నూనెకీ ఇలాగే అడిగారు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజుకి 2,000 కేలరీల తిండిలో నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురికి నెలకి మూడున్నర లీటర్లు. పిన్ని ఇంట్లో అయిదు ప్యాకెట్లు అయిపోతున్నాయి. ఎవరినీ తప్పుపట్టకుండా, ఎవరూ అబద్ధం చెప్పే అవసరం రాకుండా, ఇంటి వంట మొత్తం రెండు ప్రశ్నల్లో ఆవిడ చేతికొచ్చింది.

కాగితంలో తిండి పద్దు టిఫిన్‌తో మొదలవదు. ఆకలివేళలతో మొదలవుతుంది. పదకొండింటికి, నాలుగింటికి, రాత్రి పడుకునేముందు ఆకలేస్తుందని ముందే రాసి, ఆ మూడు వేళలకీ ఏం తినాలో రాశారు. పదకొండింటికి ఉప్పు వేయని పల్చటి మజ్జిగ, కీరదోస ముక్కలు. నాలుగింటికి ఉడికించిన శనగలో, మొలకెత్తిన పెసలో ఒక కప్పు, లేకపోతే ఉడకబెట్టిన గుడ్డు. రాత్రికి అరగ్లాసు వెన్న తీసిన పాలు. తినొద్దని ఎక్కడా లేదు. ఆకలి వచ్చి తీరుతుందని ఒప్పుకుని, అది వచ్చేసరికి చేతికి ఏది అందాలో నిర్ణయించారు. వాన రాకముందే చెరువుగట్టు చూసుకునే రైతు పద్ధతి ఇది.

మధ్యాహ్నం భోజనంలో అన్నం ఒక కప్పుకి దించి, రెండు కప్పుల కూర పెట్టారు. సొరకాయ, బీరకాయ, దొండకాయ, గోరుచిక్కుడు, తోటకూర. పప్పు చిక్కగా. పెరుగు ఒక కప్పు. అన్నం రాత్రిపూట తగ్గించమనడం మనకి అలవాటైన సలహా. ఈవిడ మధ్యాహ్నమే తగ్గించడానికి కారణం ఉంది. పొద్దున్న వేసుకున్న ప్రెడ్నిసొలోన్ ప్రభావం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా షుగర్ మీద బలంగా ఉంటుంది. పరగడుపున చూస్తే షుగర్ మామూలుగానే కనిపించవచ్చు. అందుకే షుగర్ పరీక్ష కూడా మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకి చేయించమని పక్కన రాశారు. డాక్టరు గారి కాగితంలో మాత్ర వేళ, ఈవిడ కాగితంలో అన్నం కప్పు ఒకదాన్నొకటి చూసుకుంటూ రాసినట్టున్నాయి. ఇద్దరూ నిజంగా మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది.

మాంసకృత్తుల లెక్క కిలో బరువుకి ఒక గ్రాము పైనే వేశారు. కండ కరిగే రోజుల్లో పథ్యం పేరుతో చారన్నం, మజ్జిగన్నం మీద ఉంచడం మన ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు. ఆ తిండిలో పిండిపదార్థమే ఎక్కువ, కండకి పనికొచ్చేది తక్కువ. బరువు పెరుగుతుంది, కాళ్ళు మాత్రం బలహీనమవుతాయి. పిన్ని మూత్రపిండాలు బాగున్నాయని రిపోర్టు చూశాకే ఆ లెక్క వేశారు. అవి దెబ్బతిన్నవాళ్ళకి ఇదే కాగితం ఇవ్వకూడదు. పొద్దున్న టిఫిన్‌కి ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు, పల్చగా నూనె రాసి. ఎముకల కోసం వారానికి రెండు రోజులు రాగి సంగటో, రాగి జావో. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది. ఇవన్నీ పిన్ని ఇంట్లో ఎప్పుడూ ఉండేవే. కొత్తగా కొనాల్సిన సరుకు ఒక్కటీ లేదు.

ఈ లెక్కల వెనకున్న పట్టికల గురించీ చెప్పాలి. మన తిండిలో ఏముందో కొలిచి సి. గోపాలన్ బృందం 1971లో తెచ్చిన పుస్తకం, 2017లో 528 ఆహారపదార్థాలతో వచ్చిన కొత్త పట్టికలు తార్నాకలోనే తయారయ్యాయి. గోరుచిక్కుడు, తోటకూర, రాగి గురించి ఒక డైటీషియన్ ఇంత ధైర్యంగా అంకె వేయగలగడానికి ఎవరో దశాబ్దాలపాటు వాటిని తూచి, కాల్చి, కొలిచి పెట్టారు.

ఆవకాయ సంగతి దగ్గర ఆవిడ చూపిన నేర్పు నాకు ముచ్చటేసింది. ఆవకాయ పూర్తిగా మానమంటే మానేవాళ్ళెవరు? వారానికి రెండు రోజులు, ఒక్క చిన్న ముక్క, ఆ పూట పప్పులోనూ కూరలోనూ ఉప్పు సగం. అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు మాత్రం మోతాదు 10 మి.గ్రా.కి దిగేదాకా బంద్. ఎప్పటిదాకా అన్న గడువు ఇవ్వడంలో మనిషి మనసు తెలిసిన చెయ్యి కనిపిస్తుంది. చప్పిడి కూడు జీవితాంతం తినాలంటే భయం. ఫలానా తారీఖుదాకా అంటే ఓర్చుకుంటారు.

ఆవిడ కాగితం చివర్లో బరువు రాసుకునే గళ్ళున్నాయి. రోజూ పొద్దున్న, కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది నీరు, వెంటనే ఫోన్ చేయమన్నారు. వారానికి అరకిలో చొప్పున మెల్లగా పెరుగుతుంటే తిండి లెక్క మళ్ళీ చూద్దామన్నారు. కింద ఇంకో గడి: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలిగారు. స్టెరాయిడ్ ముందుగా దెబ్బకొట్టేది తొడలనీ తుంటినీ కాబట్టి ఈ ఒక్క పని పరీక్షగానూ, వ్యాయామంగానూ పనికొస్తుంది. గుండె మార్పిడి చేయించుకుని స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళ మీద అమెరికాలో చేసి 1998లో ప్రచురించిన ఒక అధ్యయనం, బరువులతో చేసే వ్యాయామం ఈ కండనష్టాన్ని ఆపగలదని చూపించింది. నడక మంచిదే, కానీ నడక ఒక్కటే సరిపోదు.

ఈ పనితనానికి హద్దులున్నాయి. పిన్ని ముఖం గుండ్రమైంది. కొవ్వు చోటు మారడాన్ని ఏ తిండి కాగితమూ పూర్తిగా ఆపలేదు. మోతాదు దిగాకే అది తగ్గుతుంది. మందుతో మందుని కట్టడి చేయాలన్న ప్రయత్నాలూ జరుగుతున్నాయి. షుగర్ జబ్బు లేని 53 మంది స్టెరాయిడ్ రోగులతో లండన్‌లో షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ని పరీక్షించారు, ఫలితాలు 2020లో వచ్చాయి. పొట్టలోపలి కొవ్వుకీ చర్మం కింది కొవ్వుకీ మధ్య నిష్పత్తి వాళ్ళు పెట్టుకున్న ముఖ్యమైన కొలత. అది మారలేదు. షుగర్, కాలేయం, ఎముకలకి సంబంధించిన కొన్ని కొలతలు మాత్రం మెరుగయ్యాయి. డుషేన్ కండరాల జబ్బున్న మగపిల్లల్లో ప్రెడ్నిసోన్ కన్నా డెఫ్లజకార్ట్‌తో బరువు తక్కువ పెరిగిందని 2016 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది. మన దేశంలో డెఫ్లజకార్ట్ విరివిగా రాస్తారు. అది కూడా స్టెరాయిడే, బరువూ షుగరూ దాంతోనూ పెరుగుతాయి. ఆ పేరు చూసి తిండి లెక్క వదిలేయకూడదు.

ఆరు నెలలు తిరిగేసరికి పిన్ని బరువు కిలోన్నర పెరిగి అక్కడే ఆగింది. జబ్బు అదుపులో ఉంది. పిన్ని కష్టం ఇందులో తక్కువేం లేదు. కానీ ఆవిడ కష్టం వృథా పోకుండా చేసింది ఆ రెండు కాగితాలే. మన ఆస్పత్రుల్లో ఇలాంటి కాగితాలు అందరికీ అందడం లేదు. బరువు పది కిలోలు పెరిగాక డైటీషియన్ దగ్గరికి పంపడం ఇంకా మామూలుగా సాగుతోంది. నా దృష్టిలో అది ఆలస్యం మాత్రమే కాదు, నిర్లక్ష్యం.

మీ ఇంట్లో ఎవరికైనా మూడు వారాలకి మించి స్టెరాయిడ్ మాత్రలు రాస్తే, ఆ రోజే మూడు సంగతులు అడగండి: ఏ తారీఖుకి మోతాదు ఎంతకి దిగుతుంది, డైటీషియన్‌ని ఎప్పుడు కలవాలి, షుగర్ ఏ వేళకి చూడాలి. ఒళ్ళొచ్చిందని, ముఖం ఉబ్బిందని మాత్రలు మాత్రం ఎవరికీ చెప్పకుండా మానేయకండి.